అడుగున కొట్టిన నంబరు

ఇంతవరకూ జరిగింది మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. సెప్టెంబరులో కొండదారి పందెంలో వెరాతి కంపెనీ ఎర్ర కారు మలుపు దగ్గర అదుపు తప్పి జనంలోకి దూసుకుపోయింది. నడుపుతున్న లివియోతో పాటు రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న ఇద్దరు చనిపోయారు. స్టీరింగ్ బోల్టు బిగించకుండా వదిలేశాడని హెడ్ మెకానిక్ ఎర్మెస్‌ని మొదేనా జైల్లో పెట్టి రెండు నెలలైంది. కారు ముప్పై ఎనిమిదో నంబరు, సరికొత్తది, ఛాసీ, అంటే కారుని మోసే గొట్టాల చట్రం, దానంతటది విరగడానికి వీల్లేదు, కాబట్టి తప్పు బిగించినవాడిదే అని కంపెనీ లాయరు వాదన. అది కొత్త కారు కాదని తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకరు కంపెనీ యజమాని, ఆయన చెప్పడు. ఒకరు ఎర్మెస్, ఎందుకో అతనూ చెప్పడం లేదు. మూడోవాడు ఎర్మెస్ తండ్రి ఫోస్కో. పాత కారు మీద కొత్త నంబరు కొట్టింది అతని చెయ్యే. సోమవారం పొద్దున్నే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళి ఆ సంగతి చెప్పేస్తానని లాయరు మొహం మీదే అనేసి ఇంటికొచ్చాడు ఫోస్కో. ఆ మాటన్నది శనివారం.

*

ఆదివారం పదకొండు దాటినా పొగమంచు విడలేదు. కాలవ అవతల చర్చి గోపురం కనపడక మూడు రోజులైంది, గంట మాత్రం వినపడుతోంది. జెల్మీరా వంటింటి బల్ల మీద పిండి పల్చగా ఒత్తుతోంది. ఆదివారాలు సూపులో వేసే తోర్తెల్లీని బిళ్ళలు చుట్టడానికి కోడలు నోర్మా కూడా వచ్చి కూర్చునేది. మొగుణ్ణి జైల్లో పెట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల పుట్టింట్లోనే ఉంటోంది. అయినా జెల్మీరా నలుగురికి సరిపడా పిండి కలపడం మానలేదు. మిగిలింది మర్నాడు ఫోస్కోకి పెడుతోంది.

ఫోస్కో కిటికీ దగ్గర కూర్చుని వంగిపోయిన మేకుల్ని చిన్న సుత్తితో సరిచేస్తున్నాడు. ఆ ఇంట్లో మేకు వంగితే పారేసే అలవాటు లేదు. కిటికీ పక్కన రేకుడబ్బా నిండా అలా సరిచేసినవే ఉన్నాయి. కొడుక్కి నడక రాగానే మొదట నేర్పిన పని అదే. ఇనుము పారేసేవాడు అన్నం పారేసేవాడి కంటే దరిద్రుడని వాడికి నూరిపోశాడు. ఎడమ చేత్తో కొడితే ఊరుకునేవాడు కాదు గానీ, బళ్ళో నన్‌లు ఆ చేతిని బెంచీకి కట్టేసినా మానని అలవాటు ఇంట్లో ఎలా మానుతుంది. చివరికి తండ్రే ఓడిపోయాడు.

పోయిన గురువారం జైల్లో కూడా వాడు ఎడమ చేత్తోనే చెంచా పట్టుకుని కూర్చున్నాడు, చెంచాలో ఏమీ లేకపోయినా. "నాన్నా, నువ్విందులో తల దూర్చకు," అన్నాడు. "బోల్టు నేనే వదిలేశానని ఒప్పేసుకుంటా. రెండేళ్ళు వేస్తారు, అంతేగా." బోల్టు బిగించి ఉందని వాడికీ తెలుసు. కంపెనీ కోసం కొడుకు తన బతుకు పణం పెడుతున్నాడని ఫోస్కో దారంతా సైకిలు మీద ఏడుస్తూ ఇంటికొచ్చాడు. గర్వం కూడా కలిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బయట కారు ఆగింది.

"ఎవరో వచ్చారు చూడు," అంది జెల్మీరా, తలెత్తకుండా.

"ఎవరో కాదు, ఆయనే."

"ఏ ఆయన?"

"మనకి ఎంతమంది ఆయనలున్నారే?"

ఇంజను చప్పుడు బట్టే తెలిసిపోయింది. కంపెనీ యజమాని ఒత్తావియో వెరాతి గారు ముప్పై ఏళ్ళ పరిచయంలో ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోస్కో పెళ్ళికి పూలు పంపాడు, ఎర్మెస్ బాప్తిస్మానికి వెండి చెంచా పంపాడు, మనిషి మాత్రం రాలేదు. ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డులో ఇద్దరూ ఒకే కారు కింద పడుకుని పని చేసిన రోజుల్లో కూడా రాలేదు. ఇప్పుడు ఆ షెడ్డున్న చోట నూట ఎనభై మంది పనిచేసే ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్యారిస్ నుంచీ జెనీవా నుంచీ వచ్చిన పెద్దమనుషులు తమ కార్ల కోసం టోపీలు చేత్తో పట్టుకుని ఎదురుచూస్తారు. ఆయన ఎవరింటికీ వెళ్ళవలసిన పని లేకుండా పోయింది.

తలుపు తోసుకుని లోపలికొచ్చి వెరాతి టోపీ తీశాడు. టోపీకి నల్ల పట్టీ. కొడుకు గ్విదో పోయి నాలుగేళ్ళయినా ఆ పట్టీ తియ్యలేదు.

"కూర్చోండి ఇంజనీరు గారూ," అంది జెల్మీరా. "ఆ కుర్చీలో కూర్చోండి. మావాడిది. రెండు నెలలుగా ఖాళీగానే ఉంది."

"నన్ను తిట్టాలనుంటే తిట్టమ్మా. పడతాను."

"తిట్టడానికి నాకు తీరికేదండీ. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి."

ఆయన ఎర్మెస్ కుర్చీలోనే కూర్చున్నాడు. కోటు జేబులోంచి పిడికిలంత ఇనప ముద్ద ఒకటి తీసి బల్ల మీద, పిండి అంటని చోట పెట్టాడు. ఆ ముద్ద సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. గ్విదో టెస్టు చేస్తూ చనిపోయిన కారు ఇరవై నాలుగో నంబరుది. ఆ కారులో ఒక్క గొట్టం కూడా మిగలకూడదని, ముక్కలు కోసి కొలిమిలో వేసేయమని ఆ సాయంత్రమే ఆయన చెప్పాడు. చెప్పింది ఎర్మెస్‌కి. వారం తరవాత ఎర్మెస్ ఈ ముద్ద తెచ్చి, "ఇంక ఇంతే మిగిలిందండీ," అని ఆయన చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచీ ఆయన ఎవరితో ఏ బేరం మాట్లాడినా అది చేతిలో తిప్పుతూనే మాట్లాడతాడు.

"రేపు వెళ్తావా?" అన్నాడు.

"వెళ్తాను."

"ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను. మే నెలలో మీరు నన్ను పిలిచారు. బెల్జియం పందేనికి సరిహద్దు కాగితాలు ముప్పై ఎనిమిది పేరుతో ఉన్నాయి, ముప్పై ఎనిమిదిని జూరిచ్ ఆయనకి అమ్మేశాం, ముప్పై ఒకటి మీద ముప్పై ఎనిమిది కొట్టు ఫోస్కో, అన్నారు. కొట్టాను. అంతే చెప్తాను."

"అలా ఎన్నిసార్లు కొట్టలేదు నువ్వు?"

అది నిజమే. సరిహద్దు దగ్గర కస్టమ్స్ వాళ్ళు కాగితం మీద నంబరూ ఛాసీ మీద నంబరూ సరిచూస్తారు. కొత్త కాగితం రోమ్ నుంచి రావాలంటే ఆరు వారాలు, పందెం ఆరు వారాలు ఆగదు. అందుకని కాగితం ఏ నంబరుతో ఉంటే ఆ నంబరు, పంపుతున్న కారు మీద కొట్టేవారు. కారు తిరిగొచ్చాక మళ్ళీ పాత నంబరు. చుట్టుపక్కల పందెం కార్లు చేసే ప్రతి వర్క్‌షాపులోనూ ఇదే పద్ధతి. పెళ్ళికెళ్తూ పక్కింటివాడి కోటు తొడుక్కోవడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పని అందరి నమ్మకం. ఈసారి వచ్చిన చిక్కల్లా, కారు తిరిగొచ్చాక ఎవరూ పాత నంబరు వెయ్యలేదు. ఆగస్టులో జర్మనీకి మళ్ళీ అవే కాగితాలు కావాలి కదా అని ఉంచేశారు. సెప్టెంబరులో అది అదే నంబరుతో కొండెక్కింది.

"సరిహద్దు దాటడానికి కొట్టాను," అన్నాడు ఫోస్కో. "మావాణ్ణి జైలు గేటు లోపలికి పంపడానికి కాదు."

వెరాతి ముద్దని ఒకసారి తిప్పాడు. "ఆ మాట బయటికొస్తే ఏమవుతుందో ఆలోచించావా? మిలాన్ వాళ్ళు నెలాఖరుకి సగం వాటా తీసుకుంటామంటున్నారు. దొంగ నంబర్లని తెలిస్తే వాళ్ళు మొహం కూడా చూపించరు. జూరిచ్ ఆయన కారు తెచ్చి గేటు ముందు వదిలేస్తాడు. కస్టమ్స్ వాళ్ళు పదకొండేళ్ళ కాగితాలు తవ్వుతారు. ఫ్యాక్టరీకి తాళం పడుతుంది ఫోస్కో. నూట ఎనభై ఇళ్ళు. నీ తమ్ముడి కొడుకులిద్దరు లేరూ అందులో?"

"ఉన్నారు."

"వాళ్ళకి నువ్వే చెప్తావా?"

"చెప్తాను. మీ అన్న జైల్లో ఉంటే మీకు జీతాలొస్తున్నాయిరా అని చెప్తాను."

జెల్మీరా కత్తితో పిండిని చతురస్రాలుగా కోస్తోంది.

"బొలోన్యా నుంచి పెద్ద లాయరుని పెడతాను," అన్నాడు వెరాతి. "రెండేళ్ళు అంటారు, ఏడాదిన్నరలో బయటికి తెస్తాను. నోర్మాకి నెలనెలా వాడి జీతం ఇంటికొస్తుంది. వాడు బయటికొచ్చిన రోజున నేనే వెళ్ళి తీసుకొస్తాను. నాకు వాడంటే ఇష్టం లేదనుకున్నావా? గొట్టాల ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన వసంతంలో చూశావుగా. ఊళ్ళో ఎవడి దగ్గరా మూడు ఛాసీలకి మించి గొట్టాలు లేవు. నాలుగు కార్లు నిలబెట్టకపోతే ఇంటికి పొమ్మన్నాను వాణ్ణి. అందరి ముందే అన్నాను. నాలుగూ నిలబెట్టాడు. ఎక్కణ్ణుంచి తెచ్చాడో దేవుడికెరుక. అలాంటివాణ్ణి నేను వదులుకుంటానా?"

"వదిలేశారుగా అండీ," అంది జెల్మీరా.

ఆయన ఆమె వైపు చూడలేదు. గొంతు మారింది. "సరే. రేపు వెళ్ళి చెప్పు. ఎవరు నమ్ముతారు? ముప్పై ఒకటిని నువ్వే ఆకురాయి పెట్టి గీకేశావు. ఇప్పుడు దాని మీద ముప్పై ఎనిమిది తప్ప ఏమీ లేదు. కొడుకుని కాపాడుకోవడానికి ముసలివాడు కథలల్లుతున్నాడంటారు. మంగళవారం కోర్టు తరఫున బొలోన్యా ప్రొఫెసరు వచ్చి చూస్తాడు. ఆయనకి ఏం కనపడుతుంది?"

ఫోస్కో సుత్తి పక్కన పెట్టాడు. ఈ మాట చెప్పాలా వద్దా అని రెండు నెలలుగా నలిగిపోతున్నాడు. పెళ్ళానికి చెప్పలేదు, కొడుక్కీ చెప్పలేదు.

"కనపడుతుందండీ. దాని అసలు నంబరు కనపడుతుంది."

"ఎక్కడ?"

"అడుగున. డ్రైవరు మడమలు ఆనే చోట అడ్డ గొట్టం ఉంది చూడండి, దాని కింది వైపు. ఛాసీ వెల్డింగ్ అయి బల్ల మీంచి దించగానే అక్కడ ఒకసారి కొడతాను. ఆ తరవాతే పైన అందరికీ కనపడే చోట కొడతాను. పైన మీరు మార్చమన్నప్పుడల్లా మార్చాను. కిందది ఎప్పుడూ ముట్టుకోలేదు."

వెరాతి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎవరు చెప్పారు నిన్నలా కొట్టమని?"

"ఎవరూ చెప్పలేదు. ఇన్నిసార్లు పేరు మారుస్తున్నాం, ఎక్కడో ఒకచోట దాని పుట్టిన పేరు దానికుండాలి అనిపించింది. అంతే."

జెల్మీరా కత్తి ఆపి మొగుడి వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి తన దగ్గర ఒక్క సంగతన్నా దాచగలిగాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

"ఏమయ్యా, మరి రెండు నెలలుగా నోరు మూసుకుని కూర్చున్నావే," అంది.

"ఆయనే చెప్తారనుకున్నానే," అన్నాడు ఫోస్కో. "ఇంజనీరు గారే చెప్తారనుకున్నాను."

వెరాతి లేచి ముద్దని జేబులో వేసుకున్నాడు. "నేను చూడాలి," అన్నాడు. "ఇప్పుడే. చూశాక మాట్లాడుకుందాం. నీ పెట్టె తీసుకురా."

మరియమాత పటం వెనక మేకుకి తగిలించి ఉన్న తాళంచెవి తీసి ఫోస్కో పెట్టె తెరిచాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉక్కు అచ్చులు, నూనె గుడ్డలో వరసగా ఉన్నాయి. యుద్ధంలో జర్మన్లు యంత్రాలన్నీ ఊడబెరికి తీసుకుపోతున్నప్పుడు ఈ పెట్టెని కోళ్ళ గూడు కింద దాచాడు. యుద్ధం అయిపోయింది గానీ పెట్టె ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళలేదు. నంబరు కొట్టాలంటే ఫోస్కో రావాలి, ఫోస్కో వస్తే పెట్టె వస్తుంది. ఆ తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో ముగ్గురికే తెలుసు. పెట్టెలోంచి చిన్న అద్దం, ఇత్తడి బ్రష్షు, టార్చిలైటు తీసుకున్నాడు.

"ఆకురాయి కూడా," అన్నాడు వెరాతి.

"అది నేను పట్టుకోనండి. ఎన్ని కార్ల మీద గీకమన్నా గీకాను. దీని మీద గీకను. నా ప్రాణం పోయినా గీకను."

వెరాతి తనే వంగి పెట్టెలోంచి ఆకురాయి తీసుకున్నాడు. జెల్మీరా తలుపు దాకా వచ్చింది. చేతులు మోచేతుల దాకా పిండి.

"సూపు చల్లారకముందే రా," అంది ఫోస్కోతో.

*

కారు ఫ్యాక్టరీ వైపు మెల్లగా పోతోంది. పొగమంచులో రోడ్డు పది గజాలే కనపడుతోంది. ఫోస్కో ఒళ్ళో అద్దం పెట్టుకుని మే నెల సాయంత్రం గురించి ఆలోచిస్తున్నాడు. ముప్పై ఒకటి గీకేసేముందు ఒక్క క్షణం ఆగాడు ఆ రోజు. తన చేతి అంకెలు ఎప్పుడూ నిటారుగా ఉంటాయి, అది అతని గొప్ప. ఆ మూడూ ఒకటీ మాత్రం కాస్త ఎడమకి ఒరిగి ఉన్నాయి. సమ్మె జరిగిన వసంతంలో నాలుగు ఛాసీలు ఒకే హడావుడిలో వచ్చాయి, సగం నిద్రలో ఏది ఎలా కొట్టాడో గుర్తు లేదు. వయసు మీద పడుతోంది అనుకుని నవ్వుకున్నాడు. ఒరిగిన అంకెలు ఎవరి కంటా పడకముందే పోతున్నాయని సంతోషంగా గీకేశాడు. ఇప్పుడు మాత్రం ఆ ఒరిగిన రెండు అంకెలూ పైన ఉండి ఉంటే ఈ అవస్థంతా లేకపోయేదని బాధ పడ్డాడు.

ఫ్యాక్టరీలో కాపలావాడు తప్ప ఎవరూ లేరు. కారు శకలాల్ని పెట్టిన షెడ్డు ముందు తలుపుకి కోర్టువాళ్ళు లక్కముద్ర వేశారు. రంగుల గదిలోంచి ఆ షెడ్డులోకి చిన్న తలుపుందని వాళ్ళకెవరూ చెప్పలేదు. వెరాతి తాళం తీశాడు. లోపల చలి బయట కంటే ఎక్కువగా ఉంది. తడిసిన బూడిద వాసన.

టార్పాలిన్ ఫోస్కోయే లాగాడు. వెరాతి ఇంతవరకూ దాన్ని చూడలేదు. ముక్కు మొత్తం లోపలికి పోయింది, ఎడమ చక్రం లేదు, ఎర్ర రేకు మీద కొండమట్టి ఎండిపోయి పెచ్చులుగా ఉంది. సీటు మాత్రం చెక్కుచెదరలేదు. పోయిన ఈస్టరుకి ఫోస్కో ఇంట్లో లివియో తోర్తెల్లీని రెండు గిన్నెలు తిని మూడోది అడిగితే, ఇంక తింటే ఆ సీట్లో పట్టవురా అని జెల్మీరా నవ్వింది. ఆ పిల్లాడికి ఇరవై ఆరేళ్ళు.

"కానివ్వు," అన్నాడు వెరాతి.

నేల మీద చెక్కపలక వేసుకుని ఫోస్కో వెల్లకిలా కిందికి జరిగాడు. అరవై ఆరేళ్ళ నడుము, సిమెంటు చలి నేరుగా ఎముకల్లోకి పోతోంది. విరిగిన చోటు కళ్ళముందే ఉంది. ఎడమ వైపు పెద్ద గొట్టం, వెల్డింగ్ పక్కనే తెగిపోయింది. ఆ వెల్డింగ్ కొత్త ఛాసీకి ఉండవలసింది కాదు, పాత విరుపు మీద అతుకు. అతుకు వేసినవాడు మంచి పనివాడే. లోపల తుప్పు మాత్రం ఎవరు వేసినా అలాగే ఉంటుంది. బోల్టు వైపు కూడా చూశాడు, బిగించే ఉంది, పిన్ను కూడా ఉంది. తరవాత ఎవరో బిగించారంటాడు లాయరు. చూశావా నాయనా, నీ తప్పు లేదు, అనుకున్నాడు.

అడ్డ గొట్టం కింద మట్టి అట్టలు కట్టింది. ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్దాడు. అక్కడ తల దూరే జాగా లేదు, అందుకే అద్దం. అద్దంలో అంకెలు తిరగబడి కనపడతాయి గానీ, అచ్చులు చేత్తో పట్టుకుని బతికినవాడికి తిరగబడ్డ అంకెలే అసలు అంకెలు. మట్టి రాలింది. ముందు ఒక గీత కనపడింది, తరవాత ఇంకో గీత.

టార్చి దగ్గరికి జరిపాడు. మళ్ళీ రుద్దాడు. అవసరం లేకపోయినా మళ్ళీ రుద్దాడు.

ఇరవై నాలుగు.

నిటారుగా ఉన్నాయి రెండు అంకెలూ. తన చేతివే. లోతుగా, సమానంగా, దెబ్బకి దెబ్బ సరిపోయేలా. ఆ ఛాసీ బల్ల మీంచి దించిన రోజు గ్విదో పక్కనే నిలబడి, నాకోసం గట్టిగా కొట్టు ఫోస్కో అన్నాడు.

అంటే ముప్పై ఒకటి అనే కారు ఎప్పుడూ పుట్టలేదు. పైన ఇరవై నాలుగుని చెరిపేసి ముప్పై ఒకటి కొట్టింది తను కాదు. మరియమాత పటం వెనక తాళంచెవి ఎక్కడుందో తెలిసినవాడు కొట్టాడు. సుత్తి ఎడమ చేత్తో పట్టేవాడు కొట్టాడు. కొలిమిలో వేసేశానని చెప్పి, ఏ చెత్త ఇనుమో కరిగించి ముద్ద చేసి, కొడుకు పోయిన తండ్రి చేతిలో పెట్టినవాడు కొట్టాడు. మనిషి చచ్చిన ఛాసీని ఏ మూలో దాచి, గొట్టాలు దొరకని వసంతంలో అతుకు వేసి, నాలుగో కారుగా నిలబెట్టాడు. వంగిన మేకుని పారేయకూడదని నేర్పింది ఎవరు? ఫోస్కో కళ్ళు మూసుకున్నాడు. బోల్టు నేనే వదిలేశానని ఒప్పుకుంటా అని కొడుకు ఎందుకన్నాడో ఇప్పుడర్థమైంది. అది త్యాగం కాదు. చిన్న తప్పు ముందు పెట్టి పెద్ద తప్పు దాచుకున్నాడు. బోల్టుకైతే రెండేళ్ళు. దీనికి ఎన్నేళ్ళో.

"ఫోస్కో," పైనుంచి వెరాతి గొంతు. "ఉందా?"

"ఉందండీ."

"ఎంత?"

ముప్పై ఏళ్ళలో ఫోస్కో ఆయనకి నంబరు విషయంలో అబద్ధం చెప్పలేదు. దొంగ నంబర్లు కొట్టాడు గానీ, అవి ఆయన అడిగితేనే కొట్టాడు. ఆయనకి మాత్రం ఎప్పుడూ ఉన్నదున్నట్టే చెప్పాడు.

"ముప్పై ఒకటి," అన్నాడు.

వెరాతి నిట్టూర్చాడు. "అయితే నువ్వు చెప్పిందే నిజం," అన్నాడు మెల్లగా. "ఇక్కడికి వచ్చేటప్పుడు ఇది నీతో గీకించాలనే వచ్చాను. ఆ పిల్లాడి సీటు చూశాక చేతులు రావడం లేదు. వద్దులే. ఉండనీ. మంగళవారం ప్రొఫెసరు చూస్తే చూడనీ. నీ కొడుకు ఇంటికి రానీ. ఫ్యాక్టరీ సంగతి దేవుడున్నాడు."

ఉదయం నుంచీ ఈ మాట కోసమే ఫోస్కో కొట్లాడాడు. రెండు నెలలుగా ఈ మాట కోసమే బతికాడు. పలక మీద వెల్లకిలా పడుకుని, కళ్ళలో మట్టి రాలుతుంటే, చెయ్యి బయటికి చాపాడు.

"ఆకురాయి ఇలా ఇవ్వండి," అన్నాడు.

"ఏమిటి?"

"ఆకురాయి ఇవ్వండి. గీకేస్తాను. మీరన్నదే సబబు. నూట ఎనభై ఇళ్ళు. రెండేళ్ళు ఎంతలో తిరిగొస్తాయి, వాడు కుర్రాడు."

వెరాతి కదల్లేదు. ఫోస్కోకి ఆయన బూట్లు మాత్రమే కనపడుతున్నాయి. ఎడమ బూటు మడమ దగ్గర ఎర్ర మట్టి అంటింది.

"ఇందాక ప్రాణం పోయినా గీకనన్నావు."

"అన్నాను. తప్పయింది. ఇవ్వండి."

"ఏం చూశావక్కడ?"

"ముప్పై ఒకటండీ. చెప్పానుగా."

బూట్లు రెండడుగులు దగ్గరికొచ్చాయి. ఒక మోకాలు నేల మీద ఆనింది, తరవాత రెండోది. ఆ మోకాళ్ళు చర్చిలో కూడా ఈ నాలుగేళ్ళుగా వంగలేదు.

"జరుగు," అన్నాడు వెరాతి.

"కోటు పాడవుతుందండీ. మట్టి. మీకు నడుం నొప్పి కదా, ఎందుకండీ..."

"జరుగు ఫోస్కో."

మంచి కోటుతోనే ఆయన సిమెంటు మీద వెల్లకిలా పడుకుని, ఫోస్కో భుజానికి భుజం ఆనించి కిందికి జరిగాడు. ట్రాక్టర్ల షెడ్డు రోజుల తరవాత ఇద్దరూ అలా పక్కపక్కన పడుకోవడం ఇదే. జేబులోంచి ఇనప ముద్ద జారి నేల మీద పడి, దొర్లి, ఫోస్కో చెవి పక్కన ఆగింది. ఆయన దాన్ని తీసుకోలేదు. ఫోస్కో వేళ్ళలోంచి అద్దం లాక్కున్నాడు. ఫోస్కో టార్చిని పక్కకి తిప్పేశాడు.

"వెలుతురు సరిగా పట్టు."

పట్టక తప్పలేదు. అద్దంలో అంకెలు చదవడం అలవాటు లేని మనిషి, ఆయనకి కాస్త సమయం పట్టింది. అద్దం అటు వంచాడు, ఇటు వంచాడు.

"ముప్పై ఒకటిలో నాలుగెక్కడిది, ఫోస్కో?"